ఇంటి దగ్గర చదువుకుంటున్న పిల్లలతో పాఠాలు కాక ఇంకేం చేయించాలి? సిక్కోలు, విజయనగరం తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

తుఫాను సెలవులు, నెల దాటినా వదలని జ్వరం, చదువు మధ్యలో ఊరు మారడం, ఓపెన్ స్కూల్లో చేరడం, లేదంటే బడే ఫోన్‌లోకి వచ్చేయడం. కారణం ఏదైనా పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే రోజులు మన వైపు తరచుగానే వస్తుంటాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ, 2020 మార్చి నుంచి కరోనా. నేను సైన్సు చెప్పే టీచర్ని, మాది సిక్కోలు, అంటే శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస దగ్గర పల్లె. కరోనా ఏడాది మా వీధి అరుగు మీద ఆరుగురు పిల్లలతో మొదలుపెట్టిన పనులు ఇప్పటికీ నడుస్తున్నాయి. వాటి గురించి తల్లిదండ్రులు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకచోట పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి.

ఆన్‌లైన్ క్లాసులు జరుగుతూనే ఉన్నాయి కదండీ, మళ్లీ ఇవన్నీ ఎందుకు?

బడికి వెళ్లిన పిల్లాడు నేర్చుకునేది బోర్డు మీద రాసింది ఒక్కటే కాదు. దారిలో ఈతచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్లు చూస్తాడు. పక్క బెంచీవాడితో రబ్బరు కోసం బేరమాడతాడు. భోజనాల దగ్గర వరసలో నిలబడతాడు, ఆటల పీరియడ్‌లో మోకాలు గీరుకుంటాడు. బడి ఫోన్‌లోకి వచ్చినప్పుడు పాఠం ఒక్కటే ఇంటికి చేరింది, మిగతావన్నీ దారిలోనే ఉండిపోయాయి. వాటిలో కొన్నింటినైనా ఇంటికి తెచ్చుకోవాలి కదా.

నా లెక్క ఒక్కటే. తెర మీద చూసినదాన్ని ఆ వారంలో ఒకసారైనా చేత్తో చేసి చూడాలి, చేసింది నోటుపుస్తకంలో రాయాలి. ఇంతకు మించి నా దగ్గర సిద్ధాంతం ఏదీ లేదు.

రోజుకి ఎంతసేపు చేయించాలి?

చిన్నపిల్లలకు ముప్పావు గంట, హైస్కూలు పిల్లలకు గంట. వారానికి అయిదు రోజులు చాలు. గోడకు పెద్ద టైంటేబుల్ అంటించిన ఇళ్లలో ఆ కాగితం పది రోజులు కూడా నిలవలేదు. ఎండ ముదరకముందు బయటి పనులు, దీపాలవేళ చదవడం, రాయడం. మధ్యాహ్నం పడుకోనివ్వండి.

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్. అది కూడా మా ఆయన పనికి పట్టుకెళ్లిపోతారు. ఏం చెయ్యాలి?

ఈ పేజీలో రాసినవాటిలో ముక్కాలు వంతు పనులకు ఫోన్ అక్కర్లేదు. కావలసినవాటికి కూడా రాత్రి ఒక గంట దొరికితే సరిపోతుంది. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన నలుపు తెలుపు గళ్ల క్యూఆర్ కోడ్ ఉంటుంది. దీక్షా యాప్‌తో దాన్ని స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు వస్తాయి. నెట్ బాగున్నప్పుడు డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే తర్వాత సిగ్నల్ లేకపోయినా చూడొచ్చు. వీడియో నాణ్యత తగ్గించి పెట్టుకుంటే డేటా కూడా మిగులుతుంది.

టీవీని మరిచిపోకండి. 2020లో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చినప్పుడు మా వీధిలో ఒక్క టీవీ ముందు నలుగురు పిల్లలు కూర్చునేవారు. ఫోన్‌లో ఒంటరిగా చూసినవాళ్లకన్నా వాళ్లకే పాఠం బాగా గుర్తుండేది. ఎందుకంటే పాఠం అవగానే దాని మీద దెబ్బలాడుకునేవారు.

సైన్సు ప్రయోగాలకు ఇంట్లో సామాన్లు ఎక్కడివి?

ఒక కర్ర చాలు. తమాషాకి అనడం లేదు, నేను పిల్లలతో చేయించిన పనుల్లో అన్నిటికన్నా ఎక్కువ కాలం సాగింది కర్ర పనే.

ఎండపడే చోట నిటారుగా ఒక కర్ర పాతండి. తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి దాని నీడ కొన దగ్గర గులకరాయి పెట్టించి, నీడ పొడవు కొలిపించండి. మొదటి రోజు పిల్లలకు విసుగ్గానే ఉంటుంది. వారానికి ఒకరోజు చొప్పున రెండు నెలలు కొలిచాక, అదే పన్నెండింటికి నీడ పొడవు మారిపోతోందని వాళ్లే కనిపెడతారు. అక్కడినుంచి ఇక మీరు చెప్పక్కర్లేదు, వాళ్లే అడుగుతారు.

అప్పుడు అరసవల్లి గుడి కథ ఎత్తుకోండి. సూర్యనారాయణస్వామి పాదాల మీద పొద్దుటి కిరణాలు పడేది మార్చి రెండో వారంలో ఒకసారి, అక్టోబరు మొదటి రోజుల్లో ఒకసారి అని మన జిల్లాలో తెలియని పిల్లలుండరు. ఏడాదికి రెండుసార్లే ఎందుకు, ఆ రోజుల్లోనే ఎందుకు అని మాత్రం ఎవరూ అడగరు. క్యాలెండర్ ముందు కూర్చోబెట్టి లెక్కపెట్టించండి. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20 లేదా 21కి సుమారు పది రోజుల ముందు ఒకసారి. మళ్లీ పగలూ రాత్రీ సమానమయ్యే సెప్టెంబరు 22 లేదా 23 దాటాక సుమారు పది రోజులకు ఇంకోసారి. సూర్యుడు ఉత్తరం వైపు జరుగుతూ ఒకసారి, దక్షిణం వైపు తిరిగి వస్తూ ఒకసారి ఆకాశంలో ఒకే దారి తొక్కుతాడు. గుడి కట్టినవాళ్లు ఆ దారి చూసుకుని ద్వారం పెట్టారు. ఇది విన్న ఏడో తరగతి పిల్ల ఒకర్తె, "అయితే మా ఇంటి కిటికీలోంచి కూడా పొద్దు ఒకే చోట ఏడాదికి రెండుసార్లు పడాలి కదా సార్" అంది. పడుతుంది. గోడ మీద పెన్సిలుతో గీత గీసి, పక్కన తారీకు వేయించండి. సున్నం వేసేటప్పుడు చెరిపేయొద్దని పెద్దవాళ్లకు ముందే చెప్పుకోవాలి.

నీడ లేని రోజు అంటారు, అది మన ఊళ్లో కనిపిస్తుందా?

కనిపిస్తుంది, అదీ రెండుసార్లు. శ్రీకాకుళం సుమారు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, విజయనగరం 18.1 దగ్గర. కాబట్టి మే రెండో వారంలో ఒకసారి, జూలై నెలాఖరులో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. జూన్ 21కి ముందు ఎన్ని రోజులో తర్వాత కూడా అన్ని రోజులే. ఆ వేళకు గ్లాసు బోర్లిస్తే నీడ దాని కిందే దాక్కుంటుంది. జూలైలో మనకు మబ్బులే మబ్బులు, అందుకని మే నెల మీదే ఆశ పెట్టుకోండి. నెత్తిన తువ్వాలు వేసుకుని చూసి, అవగానే లోపలికి వచ్చేయాలి.

ఇంకో తిరకాసు ఉంది. గడియారంలో పన్నెండు అయ్యేదాకా ఆగితే ఆ క్షణం దాటిపోతుంది. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం దానికి తూర్పున దాదాపు 84 దగ్గర ఉన్నాం. అందుకే మే నెలలో మన నడిమధ్యాహ్నం పన్నెండుకు ఎనిమిది తొమ్మిది నిమిషాల ముందే అయిపోతుంది. పదకొండు నలభై నుంచే గ్లాసు దగ్గర కాపలా ఉండాలి.

రాత్రిపూట చేసే పని ఏమైనా ఉందా?

ధ్రువ నక్షత్రం. మన ఊళ్లో అది ఉత్తర దిక్కున నేలకు సుమారు 18 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చెయ్యి బారుగా చాపి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు దాదాపు పది డిగ్రీలు. నేలా ఆకాశం కలిసే చోటినుంచి పిడికిలి మీద పిడికిలి పెడితే, రెండోది పూర్తికాకుండానే చుక్క దొరుకుతుంది. ఊరి అక్షాంశాన్ని పిడికిళ్లతో కొలిచామని తెలిసినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. కరెంటు పోయిన రాత్రి ఇంకా బాగా కనబడుతుంది. మన దగ్గర దానికి కొదవ లేదు.

తుఫాను రోజుల్లో పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాలి? భయపడుతున్నారు.

భయానికి పని చెప్పండి. అడుగు చదునుగా, పక్కలు నిటారుగా ఉన్న స్టీలు డబ్బా ఒకటి గాలీవాన మొదలవకముందే ఆరుబయట ఇటుకల మధ్య పెట్టించండి. వాన తగ్గాక, బయటికి వెళ్లడం క్షేమమే అనుకున్నప్పుడు, స్కేలు నిలబెట్టి ఎన్ని మిల్లీమీటర్లో చూడాలి. వాతావరణ శాఖవాళ్లు రోజూ వాన లెక్క తీసేది పొద్దున్న ఎనిమిదిన్నరకు, మీరూ అదే టైమ్ పెట్టుకోండి. పేపర్లో కళింగపట్నం అంకె వస్తుంది. దానికీ మీ డబ్బాకూ తేడా ఎందుకొచ్చిందో పిల్లల్నే చెప్పమనండి.

అక్కడినుంచి లెక్కల్లోకి దూకొచ్చు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడిందంటే ఒక లీటరు నీళ్లు. ఇరవై అడుగులకు ముప్పై అడుగుల డాబా మీద 40 మిల్లీమీటర్లు కురిస్తే 2,200 లీటర్ల పైమాటే. ఇన్ని నీళ్లు ఎటు పోతున్నాయని మా వీధి పిల్లలు డ్రైనేజీ వెంట నడుచుకుంటూ వెళ్లి, చెరువులోకి పోవాల్సిన కాలవ ఎవరి ప్రహరీ కింద మాయమైందో కనిపెట్టుకొచ్చారు. ఆ సంగతి ఇక్కడ రాయను, ఊళ్లో ఉండాల్సినవాణ్ని.

వంటగదిలో చేసే సైన్సు చెప్పండి. నేను వంటలో ఉండగా పక్కన కూర్చుని చేసేవి.

నల్లబడ్డ ఇత్తడి చెంబు ఒకటి తీసి సగానికి చింతపండు రాయండి, సగం వదిలేయండి. పులుపులోని ఆమ్లం పైన పట్టిన ఆక్సైడును కరిగిస్తుంది. పదో తరగతి రసాయనశాస్త్రం అమ్మమ్మ ఎప్పటినుంచో చేస్తున్న పనేనని తెలుస్తుంది. ఆ చెంబు బుడితిలో చేసిందేమో కూడా అడగండి. సారవకోట మండలంలోని ఆ ఊరు ఇత్తడి, కంచు పనికి పేరున్నది.

పళ్లెంలో ఉప్పునీళ్లు పోసి ఎండలో పెడితే నాలుగు రోజుల్లో నౌపడ ఉప్పు మడి మీ మేడ మీదే తయారవుతుంది. భూతద్దం పెట్టి చూస్తే గింజలు చదరంగా పాచికల్లా ఉంటాయి. చోడి (రాగి) పిండి అంబలి పులిసేటప్పుడు మూత తీసి వాసన, బుడగలు రోజుకోసారి రాయించండి. పిల్లలు దీన్ని "కంపు రికార్డు" అంటారు. అలాగే అననివ్వండి.

మావాడికి లెక్కలంటే టెన్షన్.

పుస్తకం మూసేసి కొలవడం మొదలుపెట్టించండి. ఇంట్లో పాత కుంచం, అడ్డ, మానిక ఉంటే బయటికి తీయండి. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, ఇలా ఒక్కోటి ముందుదానికి రెట్టింపు. ఒక కుంచానికి ఎన్ని సోలలో బియ్యం పోసి చూస్తే రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు అంటే ఏమిటో చేతికి తెలుస్తుంది. ఘాతాంకాలు అన్న పెద్ద మాట తర్వాత చెప్పొచ్చు.

పెరడు కొలిచి సెంట్లలోకి మార్చమనండి. సెంటుకు 435.6 చదరపు అడుగులు, వంద సెంట్లు ఎకరం. సంతకు తీసుకెళ్లి చిల్లర లెక్క వాళ్లకే వదిలేయండి, తప్పు చేస్తే ఆ అయిదు రూపాయలు ఫీజు అనుకోండి. సాయంత్రం వామనగుంటలు, పులిమేక, అష్టాచెమ్మా. వామనగుంటల్లో చింతపిక్కలు ఎక్కడ ఆగుతాయో ముందే చెప్పగలిగిన పిల్లకు భాగహారంలో శేషం ఎవరూ నేర్పక్కర్లేదు.

పిల్లలు ఇంగ్లీషు మీడియం. తెలుగు చదవమంటే తడబడుతున్నారు.

గట్టిగా చదివించండి, పాఠం కాదు కథ. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, చిన్న వాక్యాలవి ఒక మెట్టు, పెద్దవి ఇంకో మెట్టు. డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. రోజుకొక కథ పిల్లాడు చదవాలి, తాతగారు వినాలి. తాతగారు మధ్యలో కునుకు తీసినా పర్వాలేదు. కాస్త పెద్ద పిల్లలైతే తెలుగు వికీపీడియాలో తమ ఊరి పేజీ తెరిచి, అందులో ఏముంది, ఏం లేదు, ఏది తప్పు అని జాబితా రాయనివ్వండి. తెలుగు వికీపీడియా 2003 నుంచి నడుస్తోంది, ఎవరైనా దిద్దొచ్చు. కానీ దిద్దేముందు ఆధారం చూపాలన్న నియమం ఉంది. మా తాత చెప్పాడంటే అక్కడ కుదరదు, ఎందుకు కుదరదో చర్చ పెట్టండి.

మా పాప ఆన్‌లైన్ క్లాసులో "ఏటి సార్" అంటే మిగతా పిల్లలు నవ్వారట. అప్పట్నుంచి మైక్ తీయడం మానేసింది.

ఈ ప్రశ్న ఒక తల్లి ఏడుస్తూ అడిగింది. అందుకే దీనికి జవాబు కొంచెం పొడుగు.

ముందు పాపకు ఒక కథ చెప్పండి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా చేస్తూ, పుస్తకాల్లోని తెలుగు జనం నోట్లో ఆడే తెలుగుకు దగ్గరగా రావాలని పోరాడారు. కొండల్లో ఉండే సవరల భాషను వాళ్ల దగ్గరికి వెళ్లి నేర్చుకుని నిఘంటువు తయారుచేశారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. అంటే రాష్ట్రం మొత్తం ఏటా పండగ చేసుకునే మనిషి మన జిల్లావాడు, మాట్లాడే మాటకు మర్యాద ఇవ్వమన్నవాడు.

తర్వాత పని. వంద పేజీల నోటుపుస్తకం కొని పైన "మా అమ్మమ్మ మాటలు" అని రాయించండి. ఏటి (ఏమిటి), గుంటడు (కుర్రాడు), చోళ్లు (రాగులు), ఇంటి చుట్టుపక్కల వినబడే ప్రతి మాటా ఒక పేజీ. ఎవరు అన్నారు, ఏ సందర్భంలో అన్నారు, పుస్తకంలో దానికి ఏ మాట ఉంది, ఆ మాటతో అమ్మమ్మ చెప్పిన వాక్యం ఒకటి. గిడుగువారు చేసింది ఇలాంటి పనే. ఆ పాప రెండు నెలల్లో నూట నలభై మాటలు రాసింది, పేజీలు సరిపోక అట్ట లోపలివైపు కూడా నింపేసింది. వాళ్ల తెలుగు మేడమ్ క్లాసులో ఒకరోజు ఆ పుస్తకం చదవమన్నారు. మైక్ తీసిందా అని అడగకండి, ఆపమంటే ఆపలేదట.

సీతంపేట వైపు కొండ మీద ఉండేవాళ్లయితే సవర మాటలతో ఇదే చెయ్యండి. సవర భాషకు 1936లో మంగయి గొమాంగో తయారుచేసిన సొంత లిపి కూడా ఉంది.

చరిత్రకి ఎక్కడికి తీసుకెళ్లాలి? బడి టూర్లు లేవు కదా.

వెళ్లగలిగితే శాలిహుండం. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు, పైనుంచి నది వంపు కనబడుతుంది. శ్రీముఖలింగంలో మూడు గుడులున్నాయి, తూర్పు గాంగుల కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చాలామంది గుర్తించారు. విజయనగరంవాళ్లకు 1713లో పునాది వేసిన కోట ఊరి నడుమే ఉంది. పిల్లలు అక్కడ సెల్ఫీ దిగేసి వచ్చేస్తే మాత్రం ఆటో డబ్బులు దండగ. ఒక్క రాయి ఎంచుకుని బొమ్మ వెయ్యాలి, అరగంట అక్కడే కూర్చోవాలి.

వెళ్లలేకపోతే మ్యాపు తీయండి. మన రెండు జిల్లాల్లో వలసతో ముగిసే ఊళ్లు ఎన్ని, పేటతో, పట్నంతో, పురంతో ముగిసేవి ఎన్ని? ఆమదాలవలస, కొత్తవలస, ఇంకా బోలెడు. ఏవి నది ఒడ్డున ఎక్కువ, ఏవి కొండ పక్కన ఎక్కువ? రంగు పెన్సిళ్లతో చుక్కలు పెట్టించండి. ఈ పనికి రెండు సాయంత్రాలు పడుతుంది. ఎక్కణ్ణుంచి ఎవరు వలస వచ్చారన్న ప్రశ్న దానంతటదే లేస్తుంది, దానికి జవాబులు ఇంట్లో ముసలివాళ్ల దగ్గర ఉంటాయి.

చేతిపనులు నేర్పించాలని ఉంది. యూట్యూబ్‌లో ఉన్న పేపరు పూలు కాకుండా.

పేపరు పూలు తప్పేం కాదు. కానీ ఖద్దరు నేసే పొందూరు పక్కన పెట్టుకుని పేపరు పూల దగ్గర ఆగిపోతే బాధగా ఉంటుంది. పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ చిన్న చిన్న పళ్లు పత్తిలోని చెత్తను లాగేస్తాయి. ఇరవై నాలుగు ఆకుల చక్రం ఉన్న రాట్నం మీద సన్నటి నూలు తీస్తారు. మీ ఇంట్లో ఇవేవీ ఉండవు. పత్తికాయ ఒకటి దొరికితే చాలు. గింజలు చేత్తో తీయించండి, ఎంత కష్టమో తెలుస్తుంది. నాయనమ్మ దగ్గర దీపానికి వత్తులు చేయడం నేర్పించండి. తర్వాత పెన్సిలుకు చిన్న మట్టి ఉండ గుచ్చి తకిలీలా తిప్పుతూ దారం లాగమనండి. మూర దారం తెగకుండా వచ్చిందంటే ఆ పూట ఇంట్లో పండగే. మా పిల్లల్లో ఎవరికీ మొదటి వారం జానెడు మించి రాలేదు, నాకు కూడా.

సంగీతం మాకు రాదు. నేర్పేవాళ్లూ దగ్గర్లో లేరు.

నేర్పక్కర్లేదు, వినిపించి విప్పి చూపించండి. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, తర్వాతి కాలంలో ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల చదువుకున్నది అక్కడే. బొబ్బిలి వీణ చేసే గొల్లపల్లిలో పనసచెక్కను తొలిచి వీణ తయారుచేస్తారు, దానికి ఏడు తీగలు, ఇరవై నాలుగు మెట్లు. ఇంట్లో రేకు డబ్బాకు నాలుగు రబ్బరు బ్యాండ్లు తగిలించి, బిగువు పెంచితే స్వరం ఎటు పోతుందో, పొడవు తగ్గిస్తే ఎటు పోతుందో వినమనండి. గుండె మీద డప్పు కట్టుకుని ఆడే తప్పెటగుళ్లు మీ ఊళ్లో ఉంటే ఇంకేం కావాలి? అడుగుకి ఎన్ని దెబ్బలో లెక్కపెట్టమనండి.

చూపు సరిగా లేని పిల్లలకు కూడా ఇది బాగుంటుంది. అరుగు మీద పది నిమిషాలు కూర్చుని, వినబడిన ప్రతి శబ్దం ఏ దిక్కునుంచి వచ్చిందో చెబుతుంటే ఇంకొకరు రాయాలి. ఊరి శబ్దాల పటం తయారవుతుంది.

పక్షులు, జంతువుల గురించి ఏం చేయించొచ్చు?

సెప్టెంబరు నుంచి మార్చి దాకా అయితే టెక్కలి వైపు తేలినీలాపురం. అక్కడికి పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు వచ్చి చెట్ల మీద గూళ్లు కడతాయి. వాటిని ఊళ్లోవాళ్లు ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చేవి ముక్కు మధ్యలో సందున్న నత్తగుల్ల కొంగలు. ఆ సందు నత్తలు పట్టుకోవడానికి పనికొస్తుంది.

ఎక్కడికీ వెళ్లకపోయినా పెరట్లో పావుగంట కూర్చుని ఏ పిట్ట ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీయొచ్చు. మెర్లిన్ యాప్ కూత విని పిట్ట పేరు చెబుతుంది, దాన్ని గుడ్డిగా నమ్మకుండా కళ్లతో చూసి సరిపోల్చుకోవాలి. పెరట్లో మామిడిచెట్టో చింతచెట్టో ఉంటే వారానికొకసారి చిగురు, పూత, పిందె ఎంతుందో రాసి, చెట్లలో మార్పుల లెక్క పోగుచేసే సీజన్‌వాచ్‌కు పంపొచ్చు, దేశమంతా పిల్లలు పంపుతున్నారు.

సముద్రం ఒడ్డు ఊళ్ల పిల్లలు అదృష్టవంతులు. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెడతాయి, ఒక్కో గూట్లో సుమారు వంద. పొదగడానికి ఒకటిన్నర రెండు నెలలు. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు పుడతాయి. అటవీ శాఖవాళ్లు గుడ్లను కాపాడి పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజు కనుక్కుని వెళ్లండి. గుడ్లను, పిల్లల్ని ముట్టుకోకూడదు, టార్చి వెయ్యకూడదు.

ఆటలు? రోజంతా కూర్చునే ఉంటున్నారు.

తొక్కుడుబిళ్ల, తాడాట, నీళ్ల బిందె మోయడం. ఆమదాలవలస మండలం ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఎన్నవుతాయో లెక్కగట్టమనండి, ఎత్తమని మాత్రం అనకండి.

మేం హైదరాబాద్‌లో పనిలో ఉన్నాం. పిల్లలు ఊళ్లో నాయనమ్మ దగ్గర ఉంటున్నారు. ఆవిడకి చదువు రాదు.

చదువు రాని నాయనమ్మ ఈ పనులకు అడ్డం కాదు. పైన రాసినవాటిలో సగం ఆవిడకే బాగా వచ్చు. రాత్రి ఫోన్ చేసినప్పుడు "హోంవర్క్ చేశావా" అని మాత్రం మొదలుపెట్టకండి, "ఇవాళ నీడ ఎంతుంది?" అనండి. పిల్లాడు రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడితే మీరు పని మధ్యలో వినొచ్చు. మీరూ అక్కడ కర్ర పాతి నీడ కొలిస్తే ఇంకా మంచిది. హైదరాబాద్ మనకన్నా పడమర కాబట్టి అక్కడ నడిమధ్యాహ్నం ఆలస్యం. తండ్రీకొడుకులు ఒకే రోజు ఫోన్లో మాట్లాడుకుంటూ కొలిచి, తేడా ఇరవై నిమిషాలకు దగ్గరగా వచ్చిందని నాకు చెప్పారు. 78.5, 83.9 రేఖాంశాలకు లెక్క కట్టినా అంతే వస్తుంది, డిగ్రీకి నాలుగు నిమిషాలు.

ఫలానా యాప్ కొంటే అన్నీ వాళ్లే చేయిస్తారట. కొనమంటారా?

మా చెల్లెలు ఇలాగే ఒకదానికి ఏడాది డబ్బు ముందే కట్టింది. మొదటి నెల వీడియోలు, రెండో నెల నుంచి ఇంకా పెద్ద ప్యాకేజీ తీసుకోమని ఫోన్లు. డబ్బు వెనక్కి రాలేదు. నేను కొనమనను. అరవింద్ గుప్తా సైటులో చెత్త సామానుతో చేసే బొమ్మలు, వీడియోలు బోలెడున్నాయి, పైసా తీసుకోరు.

పదో తరగతి పిల్లకి వీటికి టైమ్ ఏదండీ?

నిజమే, జనవరి తర్వాత వదిలేయండి. అంతకుముందు మాత్రం ఆదివారం ఒక్క గంట ఉంచండి. ఓపెన్ స్కూల్లో చదివేవాళ్లకు పరీక్షలకు మధ్య వెసులుబాటు ఉంటుంది, వాళ్లు ఎక్కువే చేయగలరు.

చెయ్యను పొమ్మంటున్నాడు. బలవంతం చెయ్యాలా?

వద్దు. మీరు చేయడం మొదలుపెట్టండి, అదీ కొంచెం తప్పుగా. పిల్లలు పెద్దవాళ్ల తప్పు చూస్తూ ఊరుకోలేరు.

జాగ్రత్తలు ఏమైనా?

నది, కాలవ, నేలబావి దగ్గరికి పెద్దవాళ్లు లేకుండా పంపొద్దు. వంశధార, నాగావళి ఎగువన వాన పడితే మన దగ్గర ఎండ కాస్తున్నా నీరు పెరుగుతుంది. పొదల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపాలి. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు, నీడనే చూడాలి. ఫోన్‌లో పిల్లల ఫొటో, బడి పేరు, ఇంటి గుర్తులు కొత్తవాళ్ల గ్రూపుల్లో పెట్టకండి. ఆన్‌లైన్‌లో ఎవరైనా డబ్బు కాజేస్తే 1930కి, పిల్లలకు ఎలాంటి ఆపద వచ్చినా 1098కి ఫోన్ చెయ్యండి.

మొత్తం ఖర్చెంత? ఏమేం కొనాలి?

నోటుపుస్తకాలు రెండు, ఒకటి కొలతలకు, ఒకటి మాటలకు. స్కేలు, కుట్టుపనివాళ్లు వాడే టేపు, చిన్న భూతద్దం, రంగు పెన్సిళ్లు. మూడు వందలు దాటదు. కర్ర, డబ్బా, గులకరాళ్లు, చింతపిక్కలు ఇంట్లో ఉన్నవే. భూతద్దం అమ్మాయికి ఒకటి, అబ్బాయికి ఒకటి విడిగా కొనండి, లేకపోతే మొదటి వారమే పగులుతుంది. మా ఇంట్లో పగిలింది.